పైకి పలకని అంకె

మా ఆఫీసులో అంకెలు పైకి పలకరు.

ఇది నేను పెట్టిన నియమం కాదు. సెయింట్ ఎడ్బర్గ్ కాలేజీలో నేను బిల్లుల గుమస్తాగా చేరిన రోజున, నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మిస్ హాలిడే నాకు మూడింటిని అప్పజెప్పి వెళ్ళింది: బీరువా తాళం, టీ కెటిల్, ఈ నియమం. విద్యార్థి వచ్చి తన బిల్లు ఎంతని అడిగితే చిన్న కాగితం ముక్క మీద అంకె రాసి, బోర్లించి, బల్ల మీదుగా అతని వైపు జరపాలి. అతను ఎత్తి చూసి, మళ్ళీ బోర్లించి నా వైపు జరుపుతాడు. ఆ తరవాత ఇద్దరం వాన గురించి రెండు ముక్కలు మాట్లాడుకుంటాం. అతను వెళ్ళిపోతాడు. ప్రభువుల బిడ్డకైనా, పాలు పోసేవాడి బిడ్డకైనా ఇదే పద్ధతి.

నాకు ఈ పద్ధతి ఇష్టం. డబ్బు గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా అక్క మొగుడు ప్రతి క్రిస్మస్‌కూ తన ఇంటి పైకప్పు వేయించడానికి ఎంతయిందో భోజనాల బల్ల దగ్గర చెబుతాడు. ఇరవై రెండేళ్ళుగా నేను ఆ సమయానికి లేచి వెళ్ళి గిన్నెలు కడుగుతున్నాను.

బిల్లు మాత్రం పెద్దదే. గది అద్దె, గది వెచ్చబెట్టే గ్యాసు, తిన్నా తినకపోయినా కట్టాల్సిన వంటశాల రుసుము, పడవల క్లబ్బు చందా, చివర్లో కొవ్వొత్తుల సొమ్ము. కాలేజీకి కరెంటు వచ్చి డెబ్బై ఏళ్ళు దాటింది. కొవ్వొత్తుల సొమ్ము తీసెయ్యాలంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి. సభ్యులందరూ ఒక విషయానికి ఒప్పుకున్నట్టు రికార్డుల్లో ఎక్కడా లేదు.

టర్ము మొదటి వారంలో బిల్లు ఎవరి ఉత్తరాల గూటిలో వాళ్ళకు పడుతుంది. రెండో శుక్రవారం మధ్యాహ్నానికి కట్టకపోతే గేటు గదిలో బోర్డు మీద పేరు ఎక్కుతుంది. పేరు మాత్రమే, మొత్తం ఉండదు. టర్ము చివరి శుక్రవారం పన్నెండు గంటలకు కూడా కట్టకపోతే, కట్టే దారీ చూపించకపోతే, గది తాళం అప్పగించాలి. జనవరిలో ఆ గది ఇంకొకరిది, ఆ చదువు అక్కడితో సరి.

1983 శరదృతువులో ఆ బోర్డు మీద రెండు పేర్లు మిగిలాయి. ఒకడు ఎవరో జమీందారు మేనల్లుడు. వాడికి బిల్లు కట్టాలన్న సంగతి గుర్తుండదు. బోర్డు మీద తన పేరు చూసుకుని మురిసిపోయి ఫోటో తీయించుకున్నాడు. రెండో పేరు హెస్టర్ ఆర్మరాడ్. లాంకషైర్‌లో మూతపడిన నూలు మిల్లుల ఊరి నుంచి గణితం చదవడానికి వచ్చిన అమ్మాయి.

హెస్టర్ ఫోటో తీయించుకోలేదు. ప్రతి సోమవారం వచ్చేది. మేజోడులో మూటగట్టి తెచ్చిన ఏడు మూలల యాభై పెన్నీల నాణేలు నా బల్ల మీద పేర్చేది. నేను వాటిని పైకి లెక్కపెట్టను కాబట్టి ఆమే మనసులో లెక్కపెట్టి తలాడించేది.

మూడో సోమవారం నేను ఉండబట్టలేక అడిగాను.

"ఇవి ఎక్కడివమ్మా?"

"టోపీలవండీ."

"ఏం టోపీలు?"

"కాలేజీ టోపీలు. ఆ నలుచదరపువి. మొదటి వారం వేడుక రోజున కుర్రాళ్ళంతా తాగేసి ఒకరి టోపీ మీద ఒకరు కూర్చున్నారు కదా. అట్టలు విరిగిపోయాయి. నేను కుట్టి పెడుతున్నాను. మా నాన్నది టోపీల దుకాణం. చిన్నప్పట్నుంచీ నాకు ఇదే పని."

టర్ములో పనిచేసి డబ్బు సంపాదించడం కాలేజీ నియమాలకు విరుద్ధం. నేను ఆ ముక్క వినలేదు. వాన గురించి మాట్లాడాను.

కానీ విరిగిన టోపీలు కూడా ఎన్నని ఉంటాయి? ఆ వేగంతో కడితే ఈ టర్ము బిల్లు మూడో ఏడు చివరికి తీరుతుంది. అసలు ఆమె కట్టాల్సిన అవసరమే రాకూడదు. అప్పట్లో ఇంట్లో అంతంత మాత్రంగా ఉన్నవాళ్ళకు వాళ్ళ జిల్లా కౌన్సిల్ పూర్తి గ్రాంటు ఇచ్చేది. తండ్రి ఆదాయం ఫారంలో రాయాలి, అంతే. తండ్రి ఆ ఫారం నింపకపోతే కౌన్సిల్ అతన్ని డబ్బున్నవాడని అనుకుని, పిల్లకు నామకార్థం ఏదో కాస్త విదిలించేది. హెస్టర్‌కు వచ్చింది ఆ విదిలించినదే.

"మీ నాన్న ఫారం నింపలేదా?"

"నింపరండీ."

"నువ్వు అడిగావా?"

"మూడుసార్లు బల్ల మీద పెట్టాను. మూడుసార్లూ దాని మీద టీ కప్పు పెట్టారు."

"మీ అమ్మ చెప్పవచ్చు కదా?"

"అమ్మకీ తెలీదండీ, ఆయన సంపాదన ఎంతో. గురువారం గురువారం ఇంటి ఖర్చుకి కవరు ఇస్తారు. ఎప్పుడూ అంతే ఉంటుంది అందులో. మిగతాది ఎవరూ అడగరు." అని కిటికీ వైపు చూసి, "సాయంత్రం వాన పడేట్టుంది," అంది. అది నా మాట. నా మాట నాకే అప్పజెప్పింది.

మా కాలేజీ కోశాధికారి కమాండర్ ఫెన్విక్. నౌకాదళంలో రిటైరై వచ్చాడు. ఆయన గది నా గదికి ఆనుకునే ఉంటుంది, మధ్యలో తలుపు ఎప్పుడూ ఓరగా తీసి ఉంటుంది. వెళ్ళి విషయం చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టకుండానే విన్నాడు.

"తండ్రి ఇవ్వగలిగీ ఇవ్వనంటున్నాడు. అంతేగా?"

"అలా ఉన్నట్టుంది."

"అయితే మనం ఏం చేస్తాం, మిస్ పెట్టిఫర్? పేదవాళ్ళకు సాయం చేయడానికి కాలేజీ దగ్గర నిధి ఉంది. పిసినారుల పిల్లలకు నిధి లేదు. చివరి శుక్రవారం, పన్నెండు గంటలు." కాస్త ఆగి, "పాపం, మంచి పిల్ల. నా టోపీ కూడా బాగు చేసింది," అన్నాడు. అంటే ఆయన కూడా ఆ ముక్క వినలేదన్నమాట.

నేను ఆ మధ్యాహ్నం లాంకషైర్‌కు ఫోన్ చేశాను.

"ఆర్మరాడ్ టోపీలు. చెప్పండి."

"సెయింట్ ఎడ్బర్గ్ కాలేజీ నుంచండీ. మిస్ పెట్టిఫర్‌ని. మీ అమ్మాయి హెస్టర్..."

"ఏమైంది దానికి?"

"ఏమీ కాలేదండీ, బాగానే ఉంది. ఒక ఫారం గురించి..."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆ తరవాత గొంతు మారిపోయింది.

"ఓహో, అదా. చూడండి మేడమ్, నా సంపాదనెంతో నాకు తెలుసు, పన్నుల వాళ్ళకి తెలుసు. పన్నుల వాళ్ళకి చెప్పడమే నాకు ఇష్టం లేదు."

"కౌన్సిల్ వాళ్ళు ఎవరికీ చెప్పరండీ."

"అలాగని మీకు చెప్పారా?"

"రాయకపోతే మీ అమ్మాయి జనవరిలో తిరిగి రాలేదండీ."

దుకాణం తలుపు గంట మోగుతుందేమో అనుకున్నాను, మోగలేదు. నేను మాట్లాడినంతసేపూ ఒక్కసారి కూడా మోగలేదు.

"ఊళ్ళో నన్ను పీనాసి అనుకుంటున్నారు, మీకు తెలుసా?"

"నాకు తెలియదండీ."

"అనుకుంటున్నారు. అనుకోనివ్వండి," అని పెట్టేశాడు.

నేనూ అనుకున్నాను. ఆ సాయంత్రమంతా మనసులో అతన్ని తిట్టుకున్నాను. కూతురు విరిగిన అట్టలు కుట్టుకుంటుంటే తండ్రి డబ్బు దాచుకుని కూర్చున్నాడని, మా అక్క మొగుడే ఇతనికంటే నయమని కూడా అనుకున్నాను. అంతవరకూ వెళ్ళాను.

అయిదో వారం బుధవారం పదకొండు గంటలకు అతను నా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత చెదరని సూటు, చేతిలో బూడిదరంగు టోపీ. అంత మంచి టోపీ మా కాలేజీలో ఎవరికీ లేదు. కూర్చోమన్నాను. కూర్చోబోతూ కొక్కేనికి ఉన్న కమాండర్ టోపీ చూసి ఆగిపోయాడు.

"ఇది ఎవరిది?"

"మా కోశాధికారిదండీ."

"వానలో తడిపి హీటరు మీద ఆరబెడుతున్నాడు. చెప్పండి ఆయనకి, అలా చెయ్యొద్దని."

"చెబుతాను. దుకాణం ఎవరు చూస్తున్నారు?"

"బుధవారం మధ్యాహ్నం నుంచి ఎలాగూ మూసేస్తాం. పొద్దున్న మాత్రం 'అరగంటలో వస్తాను' అని తలుపుకి కాగితం అంటించి వచ్చాను." లాంకషైర్ నుంచి మా ఊరికి రైల్లో నాలుగున్నర గంటలు. "ఎవరూ కంగారు పడరులెండి. చెప్పండి, మా పిల్ల ఎంత కట్టాలి?"

నేను కాగితం ముక్క మీద రాసి, బోర్లించి, జరిపాను. అతను ఒక క్షణం నా ముఖం కేసి చూశాడు. పద్ధతి ఏమిటో ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది. అతని ముఖంలో ఏదో తేలికపడటం చూశాను. కాగితం ఎత్తాడు, చూశాడు. వెనక్కి జరపలేదు. నా కలం అడిగి తీసుకున్నాడు. కాగితం రెండోవైపు ఏదో రాశాడు. చేత్తో కప్పి, జాగ్రత్తగా నా వైపు జరిపాడు.

ఇరవై రెండేళ్ళలో నా కాగితం మీద ఎవరూ జవాబు రాయలేదు.

ఎత్తి చూశాను. ఒక అంకె, పక్కన "ఏడాదికి" అని ఉంది. ఆ అంకె ఇక్కడ కూడా చెప్పను. నా జీతం అంతకంటే ఎక్కువ అని మాత్రం చెబుతాను. కాలేజీ నాకు ఎంత ఇస్తుందో తెలిసినవాళ్ళకు ఆ మాట చాలు.

నేను కాగితం బోర్లించాను. ముఖం కదలనివ్వలేదు. లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను, ఆ సాయంత్రం తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి.

"ఇప్పుడెవరూ టోపీలు పెట్టుకోవట్లేదు కదండీ," అన్నాడు అతను, వాన గురించి చెప్పినట్టే. "నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఊళ్ళో అంతా నన్ను ఉన్నవాడినే అనుకుంటారు. మా ఇంట్లో కూడా. మా పిల్ల మరీను. చిన్నప్పుడు బళ్ళో రాసింది, మా నాన్న వ్యాపారస్థుడు అని. ఆ ఫారం దాని చేతి మీదుగా వెళ్ళాలిట. అది చూస్తుంది. అందుకని..."

"మీరు ఇక్కడే నింపితే కవరు అంటించి నేనే పోస్టు చేస్తాను. ఆమె చేతికి వెళ్ళక్కర్లేదు."

"అలా చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు."

నా బీరువాలో ఖాళీ ఫారాలు ఉంటాయి. ఒకటి ఇచ్చి నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. కలం గీసిన చప్పుడు ఆగేదాకా వానను చూశాను. ఆ రోజు వాన నిజంగానే పడుతోంది. కవరు నాలుకతో తడిపి తనే అంటించాడు, అంచుల మీద బొటనవేలుతో రెండుసార్లు నొక్కాడు.

"అయితే మా పిల్ల చూడదు కదా?"

"ఈ ఫారం చూడదు," అన్నాను.

అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఫారం కౌన్సిల్‌కు వెళుతుంది. కౌన్సిల్ జవాబు విద్యార్థి పేరు మీద వస్తుంది. ఆ జవాబు పైన, మొదటి లైనులో, "తండ్రి ఆదాయం" అని రాసి పక్కన ఆ అంకె లావుపాటి అక్షరాల్లో అచ్చవుతుంది. నేను అలాంటి జవాబులు వందల కొద్దీ చూశాను. ఆ ముక్క అతనికి చెబితే కవరు చింపి జేబులో పెట్టుకుని వెళ్ళిపోతాడు. అందుకని చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం అతను హెస్టర్‌ను టీ కొట్టుకు తీసుకెళ్ళాడు. నా కిటికీలోంచి ఆ కొట్టు కనిపిస్తుంది. రెండు కేకులు తెప్పించాడు. వెళ్ళేటప్పుడు సాసరు కింద నోటు పెట్టాడు, చిల్లర కాదు. తండ్రి పెట్టిన నోటును హెస్టర్ చూసింది. అతని టోపీ మీద ఏదో దుమ్ము దులిపింది.

జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. చివరి శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి కౌన్సిల్ ముద్ర ఉన్న కవరు గేటు గదికి వచ్చింది. నేను ఆ మూడు వారాలూ రోజూ వెళ్ళి చూస్తూనే ఉన్నాను. గేటు గదికి పెద్ద మిస్టర్ డడ్జన్. ఆయనకు ముప్పై ఏళ్ళ సర్వీసు, అన్నేళ్ళుగా ఒకటే కళ్ళజోడు.

"ఆ ఉత్తరం నాకివ్వండి, మిస్టర్ డడ్జన్. కాలేజీ బిల్లు సంగతే అది."

"పేరు ఎవరిది ఉంది దాని మీద?"

"మీకు తెలుసు."

"మీది కాదు కదా. ఉత్తరం ఎవరిదో వాళ్ళ గూట్లో పడుతుంది, మిస్ పెట్టిఫర్. మీరు రాజమాత అయినా సరే, అంతే." అని దాన్ని నా కళ్ళెదుటే హెస్టర్ గూట్లో పెట్టాడు.

నేను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. చేసేదేం లేదు. ఆమె చదువు నిలబడుతుంది, తండ్రి దాచుకున్నది బయటపడుతుంది. ఈ రెండోదానికి నేనే బాధ్యురాలిని. టీ కాచుకున్నాను, తాగలేదు. పదిన్నర అయింది, పదకొండున్నర అయింది. కమాండర్ తలుపు సందులోంచి, "తాళం వచ్చిందా?" అని ఒకసారి అడిగాడు. "ఇంకా టైముంది," అన్నాను, కాస్త గట్టిగానే.

పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా హెస్టర్ వచ్చింది. ఉత్తరం విప్పి నా ముందు పెట్టింది. పూర్తి గ్రాంటు, మొదటి టర్ము నుంచి లెక్క, బిల్లు మొత్తం తీరిపోతుంది. అదంతా తరవాత చదివాను. ముందు నా కళ్ళు పై లైను మీదికి వెళ్ళాయి.

పై లైను లేదు. దాని మీద నల్ల రిబ్బను ముక్క అంటించి ఉంది. టోపీల చుట్టూ కుట్టే రిబ్బను. అంచులు చక్కగా కత్తిరించి, మూలలు కూడా లేవకుండా జిగురు పెట్టి ఉంది.

"ఇది ఎవరు అంటించారు?"

"మిస్టర్ డడ్జన్. ఫారం పంపామని నాన్న చెప్పిన రోజే రిబ్బనూ, జిగురూ ఇచ్చి ఉంచాను. ఆయన తెరిచి అంటించేదాకా నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను."

"అయితే ఆయన చదివారు."

"కళ్ళజోడు తీసేసి అంటించానని చెప్పారు. అందుకే మొదటిసారి రిబ్బను చిరునామా మీద పడిందట."

నేను ఉత్తరం ఎత్తి వెలుతురుకు పట్టలేదు. నాకు ఎలాగూ తెలుసు. ఆమె చెయ్యి బల్ల మీద ఉంది, వేళ్ళ చివర్లకు జిగురు మరకలు. ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. మా ఆఫీసులో అలాంటి పద్ధతి లేదు. తాళం ఆమె దగ్గరే ఉంచుకోమని చెప్పాను.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది.

"జవాబు వచ్చిందాండీ?"

"వచ్చింది, మిస్టర్ ఆర్మరాడ్. పూర్తి గ్రాంటు. జనవరిలో మీ అమ్మాయి వస్తుంది."

"హమ్మయ్య," అన్నాడు. ఆ తరవాత, "జవాబులో ఏం రాస్తారు వాళ్ళు?"

ఈసారి నీళ్ళు నమలలేదు. "అన్నీ రాస్తారండీ. పై లైనులో అది కూడా. మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదే."

"చూసిందా?"

"లేదండీ, ఒట్టు. చదవకముందే ఆ లైను మీద రిబ్బను అంటించేయించింది. వేరే మనిషి చేత. తను కళ్ళు మూసుకుని నిలబడింది."

అతను నిట్టూరుస్తాడని, థాంక్స్ చెబుతాడని ఎదురుచూశాను. మెల్లగా అడిగాడు.

"ఆ లైనే మూయాలని దానికెలా తెలిసింది?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇరవై రెండేళ్ళుగా అంకెలు బోర్లిస్తున్న మనిషిని, నాకు రాలేదు.

"నాకు తెలియదండీ," అన్నాను.

"ఎప్పట్నుంచి తెలుసో దానికి," అన్నాడు. ఆ మాట నాతో అన్నది కాదు. వెనకాల దుకాణం తలుపు గంట మోగింది. "ఎవరో వచ్చారు," అని పెట్టేశాడు.

జనవరిలో హెస్టర్ కొత్త బిల్లు పట్టుకుని రెండో రోజునే వచ్చింది. తలకు టోపీ ఉంది, ముదురు నీలం, కొత్తది. బాగుందన్నాను.

"నాన్న చేశారు. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే లేపి దుకాణానికి తీసుకెళ్ళారండీ. లెక్కల పుస్తకం నా ముందు పెట్టి, 'గణితం చదువుతున్నావుగా, కూడికలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు' అని, టీ కాచడానికి వెనక్కి వెళ్ళిపోయారు. టీకి గంట పట్టింది."

"మరి చూశావా?"

"ఈసారి చూశాను. ఒక్క తప్పు కూడా లేదు." ముక్కు తుడుచుకుంది. "అమ్మని కూడా పిలుద్దామంటే, 'వచ్చే గురువారం' అన్నారు."

నేను తల వంచుకుని కాగితం ముక్క తీసుకుని అంకె రాశాను, బోర్లించాను, జరిపాను. ఆమె ఎత్తి చూసింది. బోర్లించలేదు. తిన్నగా బల్ల మీద, అంకె పైకి కనిపించేలా పెట్టింది.

"మూడు వందల ఇరవై ఆరు పౌండ్ల పద్దెనిమిది పెన్నీలు," అంది, గది అంతా వినపడేట్టు. "చెక్కు ఇప్పుడే రాసిస్తాను, మిస్ పెట్టిఫర్."

పక్క గదిలో కమాండర్ కప్పు సాసరు మీద ఠంగుమంది. నేను రసీదు పుస్తకం తీశాను. రాయబోతూ ఆగాను.

"అందులో నాలుగు పెన్నీలు కొవ్వొత్తులకి," అన్నాను, పైకే.